వ్యాధిగ్రస్తుని చెంత దేవదూత పని



రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలోని ఏలీయా ప్రవక్త వృత్తాంతం మీకు తెలిసినదే. కార్మెలు కొండమీద ఆకాశం నుండి అగ్నిని రప్పించిన ఆ మహాప్రవక్త యెసెబెలు రాణి బెదిరింపుకు భయపడి, బేర్షెబా దాటి, ఎడారిలో ఒక దినం నడిచి, ఒక పొద నీడన కూలబడ్డాడు. ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగి అక్కడే పడుకున్నాడు. అప్పుడు దేవదూత వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? నీ విశ్వాసం ఏమైందని గద్దించాడా? యోబు కష్టాలు చెప్పి ఓదార్చాడా? అదేమీ లేదు. తట్టి లేపి, నిప్పులమీద కాలిన రొట్టెను, కూజాలో నీళ్ళను చూపించాడు. ప్రవక్త కాస్త తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు. కొంతసేపటికి రెండవసారి వచ్చి మళ్ళీ తట్టి, ముందున్న ప్రయాణం పెద్దదని చెప్పి, ఇంకొంచెం తినిపించాడు. ఆ బలంతోనే ఏలీయా నలుబది రాత్రింబవళ్ళు నడిచి హోరేబు కొండ చేరుకున్నాడు.

ఈ భాగాన్ని దివ్యసత్ప్రసాదం గురించిన ప్రసంగాలలో నేను చాలాసార్లు వాడుకున్నాను. తిరుసభ దానిని ఆ విధంగా చదవడం సబబే. అయితే క్యాన్సరుకు కీమోథెరపీ మందు ఎక్కించుకుంటున్న వారి ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాక ఇందులో మరొకటి కనిపించింది. కొంచెం తిండి, కొన్ని నీళ్ళు, నిద్ర, మళ్ళీ కొంచెం తిండి. మందలింపు మాత్రం లేదు. ఆ ఇళ్ళలో కావలసింది కూడా అచ్చంగా ఇదే.

నా తప్పు ఒకటి ముందు ఒప్పుకుంటాను. ప్రొద్దుటూరు వైపు ఒక ఇంట్లో ఒక తల్లికి రెండో విడత కీమో అయిన మూడవ దినాన దివ్యసత్ప్రసాదం తీసుకుని వెళ్ళాను. ఆమె లేచి కూర్చుంది. నేను కుర్చీలో కూర్చుని సిలువను సంతోషంగా మోయడం గురించి పావుగంట మాట్లాడాను. నాకు బాగా చెప్పాననే అనిపించింది. నేను గడప దాటానో లేదో లోపల ఆమె భళ్ళున వాంతి చేసుకున్న శబ్దం వినిపించింది. ఫాదర్ మాట్లాడుతుంటే ఎట్లా లేచేదని అంతసేపూ బిగబట్టుకుని కూర్చుందట. తొట్టె పట్టుకుని నిలబడిన కూతురు నావైపు చూసిన చూపు ఈనాటికీ మరువలేదు. ఆ దినం ఆ ఇంట్లో దేవదూత పని చేసింది ఆ బిడ్డే, నేను కాదు.

మన ప్రాంతానికి వైద్యసేవ కొత్త కాదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు 19వ శతాబ్దం చివర్లో ప్రారంభించిన వైద్యసేవే నేటి క్యాంబెల్ ఆసుపత్రి. ఆ ఆసుపత్రిలో పనిచేసి, పులివెందులలో ఆసుపత్రి నడిపిన ఒక వైద్యుడు ముఖ్యమంత్రి అయ్యాక 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలో కీమోథెరపీ కూడా ఉంది. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు, చెన్నై అడయారుకు, బెంగళూరు కిద్వాయికి మనవాళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు. 2022లో తిరుపతిలోనూ టాటా ట్రస్టు సహకారంతో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు. క్యాన్సర్ రోగికి, తోడు వెళ్ళే ఒకరికి రైలు చార్జీలో రాయితీ ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఆసుపత్రివారు నిర్ణీత పత్రం మీద సంతకం చేసి ఇస్తారు, అడగండి.

కాని ఒక లెక్క చూడండి. చాలా మందులను మూడు వారాలకొకసారి ఎక్కిస్తారు. అంటే ఒక దినం ఆసుపత్రిది, ఇరవై దినాలు ఇంటివి. వాంతులు, నోటిపూత, జుట్టు రాలడం, నీరసం, జ్వరం, ఇవన్నీ వచ్చేది ఆ ఇరవై దినాలలోనే. డాక్టరు అక్కడెక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఇంట్లో ఉండేది కోడలో, కొడుకో, పదవ తరగతి చదివే మనవరాలో.

అసలు ఈ బాధలెందుకు? పత్తి చేలో కలుపుమందు కొట్టేవారికి చెప్పనక్కరలేదు. మందుకు కలుపు ఏదో, పైరు ఏదో పూర్తిగా తెలియదు. కీమో మందు వేగంగా పెరిగే కణాలమీద పడుతుంది. క్యాన్సర్ కణాలు అట్లాంటివే. అయితే జుట్టు కుదుళ్ళు, నోటిలో, పేగులలో ఉండే పలుచని పొర, ఎముకల మూలుగలో తయారయ్యే రక్తకణాలు కూడా వేగంగా పెరిగేవే. కాబట్టి దెబ్బ వాటికీ తగులుతుంది. ఇది దేవుని శాపం కాదు, పాపఫలం కాదు, మందు పని చేసే తీరు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదని ప్రభువు తేల్చి చెప్పిన మాట యోహాను సువిశేషం 9వ అధ్యాయంలో ఉంది. ఇంటికి వచ్చి కారణాలు వెతికే చుట్టాలకు ఆ అధ్యాయం చూపించండి.

ఇక వంటింటి సంగతి. వాంతి రాకుండా ఇచ్చిన మాత్రలను వాంతి వచ్చాక వేద్దామని దాచిపెట్టేవారున్నారు. అది పొరబాటు. కొన్ని మందులకు వాంతులు రెండవ దినం నుండి ఐదవ దినం దాకా కూడా వస్తాయి కాబట్టి, బాగున్నా సరే చీటీలో రాసిన వేళకు వేయాలి. ఆ మాత్రలతో కొందరికి మలబద్ధకం వస్తుంది, అది కూడా డాక్టరుకు చెప్పాలి. మన ఇళ్ళలో మిరపకాయ తాళింపు ఘాటుకే ఆరోగ్యవంతులకు దగ్గు వస్తుంది. కీమో పడిన మనిషికి ఆ వాసనే వాంతి తెప్పిస్తుంది. ఆమె పడుకున్న గదికి దూరంగా, తలుపు వేసి వండండి. పొగలు కక్కే అన్నంకంటే చల్లారిన అన్నానికి వాసన తక్కువ. పళ్ళెం నిండా పెట్టి, తిను తిను అని పోరడం కంటే, రెండు గంటలకొకసారి పలుచని రాగిజావో, పెసరపప్పు కలిపిన మెత్తని అన్నమో, బాగా ఉడికిన గుడ్డో కొంచెం కొంచెంగా ఇవ్వడం మేలు. దూత ఏలీయాకు విందు చేయలేదు గదా! నోటిలో ఇనుము నమిలిన రుచి వస్తోందంటే స్టీలు గ్లాసు తీసేసి గాజుగ్లాసు ఇవ్వండి. నిన్న అడిగి చేయించుకున్నదాన్ని ఈరోజు ముట్టకపోతే నొచ్చుకోవద్దు. నాలుక మారింది, మీమీద ప్రేమ మారలేదు.

నోరు పూసినప్పుడు ఎర్రకారం, ఊరగాయ పనికిరావు. పులివెందుల చీనీకాయలకు పేరు, చూడవచ్చినవారంతా సంచి నిండా అవే తెస్తారు. పూసిన నోటికి ఆ పులుపు నిప్పులాంటిది. నోరు మానాక తొక్కు కడిగి ఒలిచి పెట్టండి. బజారులో ఐసు వేసి ఇచ్చే రసం మాత్రం అస్సలు వద్దు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి దినానికి నాలుగైదుసార్లు పుక్కిలిస్తే నోటికి హాయి. వేపపుల్ల చిగుళ్ళను గీరుతుంది, మెత్తని బ్రష్షు వాడాలి. కొందరికి ఎక్కించే డాక్సోరూబిసిన్ అనే మందు ఎర్రగా ఉంటుంది. తర్వాత ఒకటి రెండు దినాలు మూత్రం ఎర్రగా వస్తే అది రక్తమని హడలిపోనక్కరలేదు. అంతకంటే ఎక్కువ దినాలు వస్తే అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది జ్వరం. దీని దగ్గర కాస్త ఆగి చదవమని ప్రార్థిస్తున్నాను. మందు ఎక్కించిన తర్వాత ఇంచుమించు 7 నుండి 14 దినాల మధ్య ఒంట్లోని తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. ఆ సమయంలో చిన్న క్రిమి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో థర్మామీటరు ఉండాలి. 100.4 డిగ్రీలు చూపించిందంటే అది అర్ధరాత్రయినా, క్రిస్మసు పండుగ రాత్రయినా ఆగకూడదు. జ్వరం మాత్ర వేసి పొద్దున చూద్దాం అనవద్దు. వీధి చివర సూది వేయించి పడుకోబెట్టవద్దు. ఆసుపత్రి చీటీ మీద ఉన్న నంబరుకు ఫోను చేయండి, 108 పిలవండి, దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్ళగానే మొదటి మాటగా కీమో ఇచ్చి ఇన్ని దినాలయిందని చెప్పండి. ఆ ఒక్క మాట మీద వైద్యం మారిపోతుంది. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. ప్రభువు 108 బండిలో కూడా ఉంటాడు.

ఆ దినాలలోనే మన ప్రేమ కూడా కొంత అదుపులో ఉండాలి. ఇరవైమంది జపమాల సంఘంగా వచ్చి చిన్న గదిలో కిక్కిరిసి ఒక గంట పాడటం కంటే, ఇద్దరు వరండాలో నిలబడి ఒక దశకం చెప్పి వెళ్ళడం ఆ మనిషికి మేలు. దగ్గు, జలుబు ఉన్నవారు ఇంటినుండే ప్రార్థించండి. మరోవైపు, గ్లాసు వేరు, పళ్ళెం వేరు, పిల్లలను దగ్గరికి రానివ్వకపోవడం ఇంకా కొన్ని ఇళ్ళలో చూస్తున్నాను. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. పక్కన కూర్చోవచ్చు, చేయి పట్టుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు. మందు ఎక్కించిన తర్వాత రెండు దినాలపాటు వాంతిని, మలమూత్రాలను శుభ్రం చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి, గర్భిణీలు ఆ పని చేయకూడదు. జాగ్రత్త అంతవరకే. కుష్ఠరోగిని ముట్టుకుని స్వస్థపరచిన ప్రభువు బిడ్డలం మనం.

జుట్టు సంగతి మగవారు తేలికగా తీసిపారేస్తారు. మొదటి విడత తర్వాత రెండు మూడు వారాలకు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా ఊడి కనిపించినప్పుడు ఒక స్త్రీకి కలిగే దుఃఖం మామూలుది కాదు. వేళాంగణి మాతకు మొక్కుకుని మనం ఇష్టంగా ఇచ్చే తలనీలాలు వేరు, అడగకుండా పోయే జుట్టు వేరు. మళ్ళీ వస్తుందిలే అనడం నిజమే, వైద్యం ముగిసిన కొన్ని నెలలకు సాధారణంగా వస్తుంది. అయినా ముందు ఏడవనివ్వండి. మెత్తని నూలుగుడ్డ తెచ్చి తలకు కట్టి, ఆదివారం పూజకు వెంట తీసుకురండి. గుడిలో ఎవరైనా తేరిపార చూస్తే ఆ చూపు మీరు కాచుకోండి.

ఇక బరువైన మాట. నాలుగవ విడతకో ఐదవ విడతకో ఆ మనిషి గోడవైపు తిరిగి, "ఇంగ నావల్ల కాదు పాపా, నన్నిట్లా ఇడ్సిపెట్టండి" అంటుంది. అప్పుడు ఏం చేయాలి? చాలామంది కోప్పడతారు, లేదా ఒట్టు వేయించుకుంటారు. ఏలీయా కూడా అదే అన్నాడని మరువకండి. దేవుడు దానిని పాపంగా లెక్కించలేదు. పక్కన కూర్చుని, ఏది ఎక్కువ బాధగా ఉందమ్మా అని ఒక్కటే అడగండి. నోరా, నిద్రా, కాళ్ళ తిమ్మిర్లా, డబ్బు ఖర్చవుతోందనే బెంగా? ఆ జవాబు కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. మోతాదు తగ్గించవచ్చు, ఒక వారం వాయిదా వేయవచ్చు, వాంతికి వేరే మందు ఇవ్వవచ్చు. చాలాసార్లు ఇక చాలు అన్న మాటకు అర్థం ఈ బాధకు ఏదైనా చేయండి అనే. చెప్పకుండా మానేసి పసరుమందుకు పోవడం, స్వస్థత కూటంలో మొక్కుకుని మాత్రలు పారేయడం మాత్రం ప్రమాదం. వైద్యుణ్ణి గౌరవించమని, భూమినుండి ఔషధాలను పుట్టించింది దేవుడేనని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తోంది.

వైద్యులే ఇక మందువల్ల మేలుకంటే భారం ఎక్కువ అన్నప్పుడు, రోగి తెలిసి ఆలోచించి వద్దన్నప్పుడు, అది ఆత్మహత్య కాదు. తగని భారం మోపే వైద్యాన్ని విరమించుకోవచ్చునని 1980లో విశ్వాస సిద్ధాంత పరిషత్తు ప్రకటించింది, 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2278వ పేరాలోనూ అదే ఉంది. నొప్పి తగ్గించే మందు, దప్పికకు నీళ్ళు, శుభ్రమైన పక్క, మన సన్నిధి, ఇవి మాత్రం చివరిదాకా ఇవ్వవలసిందే.

ఇంట్లో రోగి ఉంటే ఉపవాసం సంగతి అడుగుతారు. తపస్సుకాలంలోనైనా, పవిత్ర శుక్రవారంనాడైనా కీమో తీసుకునేవారికి ఉపవాస నియమం లేదు. అలాగే దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఏమీ తినకూడదన్న నియమాన్ని శ్రీసభ చట్టం 919వ సూత్రం వ్యాధిగ్రస్తులకు సడలించింది. ఆ సూత్రంలో ఒక చిన్న మాట ఉంది, దానిని చదివిన ప్రతిసారీ నా మనసు కరుగుతుంది. సడలింపు రోగికి మాత్రమే కాదు, వారిని చూసుకునేవారికి కూడా. రాత్రంతా తొట్టె పట్టుకుని, తెల్లవారి ఒక ముద్ద నోట్లో వేసుకున్న కోడలు కూడా అత్తతో పాటు ప్రభువును స్వీకరించవచ్చు. ఆమె నిద్ర లేమి, ఆమె ఆకలి రోముదాకా వెళ్ళి చట్టంలో చోటు సంపాదించుకున్నాయి! సిరేనే వాసి సీమోను తానుగా సిలువ అడగలేదు, సైనికులు బలవంతాన ఎత్తించారు. మీలోనూ ఎవరూ ఈ సేవను కోరుకుని ఉండరు. వారానికి ఒక పూట అక్కచెల్లెళ్ళలో ఒకరు వచ్చి కూర్చుంటే ఆమె నిద్రపోతుంది. అన్నదమ్ములారా, డబ్బు పంపించి ఊరుకోకండి.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అవసానకాలానికని దాచిపెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఫాదర్‌ను పిలిస్తే అమ్మ భయపడుతుందంటారు. రెండవ వాటికన్ మహాసభ ఆ పొరబాటును సరిదిద్దింది, 1972లో ఆరవ పౌలు పోపుగారు ఈ సంస్కార విధిని నూతనపరిచారు. పెద్ద జబ్బు మొదలైనప్పుడే ఇది తీసుకోవచ్చు, జబ్బు ముదిరితే మళ్ళీ తీసుకోవచ్చు. ఏటా పీఠాధిపతులు ఆశీర్వదించే వ్యాధిగ్రస్తుల తైలం ప్రొద్దుటూరుకూ, జమ్మలమడుగుకూ, పులివెందులకూ వస్తుంది. గుడిలో సీసాలో ఉండిపోవడానికి కాదు సుమా, మీ అమ్మ నుదుట పూయడానికి.

కాబట్టి మీ విచారణ గురువుకు ముందుగా ఒక మాట చెప్పండి. ఏ దినం మందు ఎక్కించారో, ఏ వేళకు వికారం తక్కువగా ఉంటుందో చెబితే ఆ వేళకే వస్తాము. నోరు పూసి ఉంటే దివ్యసత్ప్రసాదంలో చిన్న తునక చాలు. పక్కన ఒక గ్లాసు నీళ్ళు ఉంచండి. అది కూడా మింగలేనివారికి దివ్యరక్తం మాత్రమే ఇవ్వడానికి శ్రీసభ అనుమతి ఉంది. ఆ పూట వాంతి ఎక్కువగా ఉంటే మరునాడు వస్తాము, అందులో తప్పేమీ లేదు. మేము ఐదు నిమిషాలకంటే ఎక్కువసేపు మాట్లాడుతుంటే మొహమాటపడకుండా లేపి పంపించండి. కాఫీ మాత్రం పెట్టవద్దు. ఆ కాఫీ కాచే పది నిమిషాలు మీరు కాసేపు నడుం వాల్చండి.