నూనెకూ వేలిముద్ర

మొక్కల నుంచి తీసిన సుగంధ నూనెకు కూడా వేలిముద్ర ఉంటుంది. నిమ్మగడ్డి నూనె చుక్క మీదికి పరారుణ కాంతిని పంపితే, అందులోని అణువులు తమకు తగిన కాంతిని పీల్చుకుంటాయి. మిగిలిన కాంతిని యంత్రం ఒక గీతగా గీస్తుంది. నిమ్మవాసననిచ్చే సిట్రాల్ ఆ గీతలో, తరంగసంఖ్య 1680 దగ్గర, లోయలా కనబడుతుంది. 1500 కంటే కిందనున్న భాగాన్ని వేలిముద్ర ప్రాంతం అంటారు. కల్తీ కలిస్తే గీత మారుతుంది.

వేలిముద్ర అనే మాట వినగానే మాకు వేరే సంగతి గుర్తొస్తుంది. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మా ఎరుకల తాతముత్తాతల వేలిముద్రలు తీసుకున్నారు. చేసిన పనికి కాదు, పుట్టిన పుట్టుకకు. విజయవాడకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం సెటిల్‌మెంటులో ఉంచారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అనుమానం మాత్రం రద్దు కాలేదు. ఊళ్లో దొంగతనం జరిగితే ఇప్పటికీ ముందు మా గుడిసెల వైపే చూస్తారు.

నూనెను పరీక్షించేవాళ్లు సీసా మీది చీటీని నమ్మరు, లోపలున్నదాన్ని చూస్తారు. మనిషి విషయంలో చీటీ చదివే తీర్పు చెబుతారెందుకు?

యంత్రం ఒక్కటే న్యాయం చేస్తుందని మేము అనం. ఏ గీతనైనా అసలైన నూనె గీత పక్కన పెట్టి పోల్చాలి. ఏది అసలో ముందు మనిషే తేల్చాలి. మా విషయంలో తేల్చిందెవరు? తాము మంచివాళ్లమనుకున్నవాళ్లే కొలతబద్ద అయ్యారు.

మమ్మల్ని పరీక్షించొద్దని అడగటం లేదు. చుక్క నూనెకు చేసే న్యాయమే మాకూ చేయమంటున్నాం. ముందు చూడండి, తర్వాతే పేరు పెట్టండి.