వేరునకు దిగి రావలసిన ఆహారము

ధ్యాన భాగములు: రోమా 11:18, 1 తిమోతి 5:4



విత్తనము ఎట్లు మొలిచి పెరుగునో విత్తినవానికే తెలియదని మార్కు సువార్త 4వ అధ్యాయములో మన ప్రభువు సెలవిచ్చెను. సేద్యము చేసికొను మనకు ఆ మాట క్రొత్తది కాదు. అయినను దేవుడు మనుష్యునికి బుద్ధినిచ్చెను గనుక, వెదకినవారికి కొంత తెలియనిచ్చెను. అట్లు వెదకినవారిలో ఒకడు గ్రామ సంఘకాపరి యగుట నాకు సంతోషము.

ఆయన పేరు స్టీఫెన్ హేల్స్. ఇంగ్లండు దేశమున థేమ్సు నది యొడ్డున టెడ్డింగ్టన్ అను ఊరిలో 1709 మొదలు 1761లో మరణించు వరకు సంఘమును కాచెను. ఒకమారు అదను తప్పి కత్తిరించిన ద్రాక్షతీగె నుండి నీరు ఆగక కారుచుండగా, చెట్టు చచ్చునేమోయని భయపడి, కోసిన చోట తోలుపొర యొకటి బిగించి కట్టెను. ఆ పొర ఉబ్బెను. వేరు నీటిని పైకి త్రోయుచున్నదని గ్రహించి, గాజు గొట్టములు నిలువుగా అమర్చి ఆ బలమును కొలిచెను. మరియు మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండీతో కూడ తూచి చూడగా, పగటి పండ్రెండు గంటలలో సరాసరి 20 ఔన్సులు, అనగా అరకిలోకు మించిన నీరు దాని ఆకులగుండ గాలిలో కలియుచున్నదని తేలెను. ఈ సంగతులను 1727లో పుస్తకముగా అచ్చు వేయించెను.

వేరు త్రోసినంత మాత్రమున నీరు ఎత్తైన కొమ్మకు చేరదు. కాలిఫోర్నియాలో 115 మీటర్ల ఎత్తుగల రెడ్‌వుడ్ చెట్టు ఉన్నది. దాని లోపల ఏ మోటారు ఉన్నది? ఆకులలోని సన్నని రంధ్రముల నుండి నీరు ఆవిరియై పోవుచుండగా, దాని వెనుకనున్న నీరు తెగని దారమువలె పైకి లాగబడును. నీటిబొట్టు నీటిబొట్టును విడువదు. డబ్లిన్ నగరమున డిక్సన్, జాలీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1894లో ఈ సంగతి వివరించిరి. ఆ నీటితోనే నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగు నేలసారమంతయు పైకి ఎక్కును. ఈ ఎక్కుడు త్రోవ కొయ్యలో నున్నది. బడికి పోవు పిల్లలు దీనినే దారువు అని చదువుదురు.

ఇంతవరకు చాలమందికి తెలియును. దిగుడు త్రోవ సంగతి తక్కువమంది తలంతురు.

వేరు చీకటిలో నున్నది. అది తన ఆహారము తాను వండుకొనలేదు. వెలుగులో నున్న ఆకే గాలిని, నీటిని, ఎండను కలిపి చక్కెర చేయును. ఆ చక్కెర బెరడు లోపలి మెత్తని పొరగుండ క్రిందికి దిగి వేరును పోషించును. చెట్టు మొదట చుట్టును వ్రేలెడు వెడల్పున బెరడు ఒలిచినయెడల ఏమగునో మీరెరుగుదురు. గట్టు తగవులలో పొరుగువాని చెట్టును పగబట్టి అట్లు చంపినవారు కలరు. ఆశ్చర్యమేమనగా, ఆ చెట్టు వెంటనే వాడదు. కొయ్యకు గాయము లేదు గనుక నీరు ఎక్కుచునే యుండును; ఆకులు కొన్ని మాసములు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా పచ్చగానే యుండును. ఒలిచిన చోటికి పైగా బెరడు ఉబ్బి లావెక్కును. దిగవలసిన ఆహారము అక్కడ ప్రోగగుటయే ఆ వాపునకు హేతువు. జామకు, దానిమ్మకు గాలి అంటు కట్టువారు ఈ సంగతినే ఆధారము చేసికొందురు. క్రింద వేరు మాత్రము దాచుకొన్నది తిని, పిమ్మట ఆకలితో చచ్చును. వేరు చచ్చిన తరువాత ఆకు వాడును. (తాటి, కొబ్బరి చెట్ల నిర్మాణము వేరు, వాటికి ఈ మాట చెల్లదు.)

మన సంఘములో ఒక తల్లి యున్నది. పేరు చెప్పను. నాట్లకు, కలుపుకు కూలికి పోయి ఇద్దరు కుమారులను హాస్టలులో ఉంచి చదివించెను. వండుకొనునప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రభువునకు తీసి, మిగిలినది బిడ్డలకు పెట్టి, తాను గంజి త్రాగెను. వారు ఉద్యోగస్థులైరి. పండుగకు వచ్చినప్పుడు పచ్చగా కనబడుదురు, ముందు వరుసలో కూర్చుందురు, చక్కగా పాడుదురు. పోయిన నెల నేను వెళ్లునప్పటికి ఆమె జ్వరముతో పండుకొనియుండెను, పొయ్యి రాజలేదు. పెద్దవాడు ఫోను చేసి ఎన్నాళ్లయినదని అడిగితిని. ఆమె జవాబు చెప్పక, వాని బిడ్డలు ఎంత బాగుగా చదువుచున్నారో చెప్పనారంభించెను.

ప్రియులారా, వేరు ఇట్లే మాటలాడును. తనకు రాలేదని చెప్పదు. ఆకు పచ్చగా నున్నదనియే చెప్పును.

ఇక్కడ ఒక జాగ్రత్త. యోహాను 15వ అధ్యాయములోని ద్రాక్షావల్లికి ఈ పోలికను తగిలింపకూడదు. క్రీస్తునకు మన వలన తీరవలసిన కొదువ ఏదియు లేదు. నేను చెప్పునది మనుష్యుల మధ్యనున్న వేరును గూర్చి. పౌలు రోమీయులకు వ్రాసినది కూడ ఇశ్రాయేలును గూర్చియే. అయినను కొమ్మ వేరును భరించుట లేదు, వేరే కొమ్మను భరించుచున్నదని ఆయన చేసిన హెచ్చరిక చదువుకొన్న ప్రతి యింట చదువదగినది. తిమోతికి వ్రాసిన మాటకైతే వ్యాఖ్యానమే అక్కరలేదు: విధవరాలి పిల్లలును మనుమలును మొదట తమ యింటివారియెడల భక్తి చూపవలెను. పట్టణపు గుడికి ఫ్యానులు ఇచ్చితిమి, దశమభాగము తప్పలేదు అని కొందరందురు. మంచిదే. మార్కు 7వ అధ్యాయములో కొర్బాను అను మాట ఎవరిని గూర్చి చెప్పబడెనో వారే చదువుకొందురు గాక.

బెరడు పోయిన చెట్టుకు తోటపనివారు చేయు ఒక చికిత్స కలదు. వేరు చావకమునుపే, అదే జాతి చెట్టు పుల్లలు కొన్ని తెచ్చి, గాయమునకు పైన ఒక కొన, క్రింద ఒక కొన బెరడులో చొనిపి కట్టుదురు. అవి అతుకుకొనినయెడల ఆహారము ఆ పుల్లలగుండ మరల దిగును. పుల్ల చిన్నదే; చెట్టు బ్రదుకును.

ఊరిలో నిలిచిపోయిన యౌవనస్థులారా, ఆ పుల్లలు మీరే. ఒంటరిగా నున్న తల్లుల, తండ్రుల పేర్లును, వారి బిడ్డల ఫోను నంబర్లును స్త్రీల సమాజమువారు వ్రాసి ఇచ్చిరి. ఆ కాగితము నాయొద్ద నున్నది. కోతపండుగ ఆరాధన కాగానే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు తీసికొనుడి. జ్వరముతో నున్న తల్లి పేరు నేను తీసికొంటిని.