తొలి బండి, అధికారి భేదం

శాస్త్ర గ్రంథం ఏదైనా అసలు విషయంలోకి దిగే ముందు నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవడం భారతీయ సంప్రదాయంలో ఆనవాయితీ. ఇది ఎవరి కోసం, ఇందులో చెప్పేదేమిటి, గ్రంథానికీ ఆ విషయానికీ ఉన్న సంబంధమేమిటి, చదివినవారికి కలిగే ప్రయోజనమేమిటి అనే ఈ నాలుగింటినీ కలిపి అనుబంధ చతుష్టయం అంటారు. వీటిలో మొదటి ప్రశ్నకు జవాబుగా నిలిచేవాడు అధికారి, అంటే ఆ విద్యను అందుకోగల, నిలుపుకోగల, దానివల్ల తనకూ ఇతరులకూ చెరుపు రాకుండా వాడగల స్థితికి వచ్చినవాడు. కర్నూలు, కడప సీమల్లో కాలేజీ చదువుకు వచ్చిన కొడుకు తొలి మోటారు సైకిల్ అడిగినప్పుడు ఇంట్లో జరిగే చర్చ మాత్రం తరచుగా రెండో ప్రశ్న దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఏ కంపెనీ, ఎన్ని సీసీలు, లీటరుకు ఎంత మైలేజీ, నెలకు ఎంత కంతు అన్న లెక్కలన్నీ తేలుతాయి గాని, దాన్ని నడపబోయేవాడు ఎలాంటివాడు, ఏ దశలో ఉన్నాడు అన్న విచారణ జరగదు. తొలి బండి ఎంపిక నిజానికి అధికారి విచారణే. దాన్ని ఆ కోణంలో చూసినప్పుడు శాస్త్రం నుంచి దొరికే సాయం షోరూములో దొరికే సలహా కంటే గట్టిది.

అయితే అధికారం అనే ఈ భావనకు చీకటి చరిత్ర కూడా ఉన్నదన్న సంగతిని దాటవేసి ముందుకు పోవడం న్యాయం కాదు. బ్రహ్మ విచారణకు కావలసిన అర్హతగా శంకరాచార్యులు నిత్యానిత్య వివేకం, వైరాగ్యం, శమదమాదులైన ఆరు గుణాలు, మోక్షాపేక్ష అనే నాలుగు సాధనాలను చెప్పారు. ఇవన్నీ మనిషి ప్రయత్నంతో సంపాదించుకోగలిగినవే. కాని ఆయన బ్రహ్మసూత్ర భాష్యంలోనే అపశూద్రాధికరణమనే భాగం వేదాధ్యయన అర్హతను పుట్టుకతో ముడిపెట్టి శూద్రులకు నిరాకరించింది. సాధించుకోవలసిన యోగ్యత ఒకటి, పుట్టుక పేరుతో వేసిన తలుపు మరొకటి. ఈ రెండూ ఒకే మాట కింద శతాబ్దాల పాటు కలిసిపోయి ఉండటం వల్ల జరిగిన అన్యాయం చిన్నది కాదు.

ఈ చిక్కును విడదీసిన ఉదాహరణ కడప నేల మీదే ఉంది. కందిమల్లాయపల్లెలో స్థిరపడిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి దూదేకుల కులస్థుడైన సిద్ధయ్యను ప్రధాన శిష్యుడిగా స్వీకరించారు. ఆ శిష్యుడికి శరీరంలోని చక్రాల్లో దేవతలు కొలువై ఉంటారని ఆయన బోధిస్తుండగా చాటుగా విన్న కక్కయ్య, ఆ దేవతలను కళ్లారా చూడాలని భార్య శరీరాన్ని కోసి, ఏమీ కనబడక స్వామిని నిలదీశాడనీ, స్వామి ఆమెను బ్రతికించి కక్కయ్యకు క్రమంగా ఉపదేశం చేశారనీ జనం చెప్పుకుంటారు. కథ మాదిగ కులానికి చెందినవాడిగా చెప్పే కక్కయ్యను స్వామి పుట్టుక చూపి తరిమివేయలేదు. లోపం బోధ అందిన క్రమంలో ఉందని గుర్తించి క్రమాన్ని సరిదిద్దారు. అధికారం అనే మాటను ఈ అర్థంలో తీసుకున్నప్పుడే అది నేటి మనిషికి పనికివస్తుంది. ఆడపిల్లలకు గేరు లేని స్కూటరు చాలుననీ, గేరు బండి మగపిల్లలకేననీ అనుకునే అలవాటు పాత తలుపుకు కొత్త రూపం తప్ప మరొకటి కాదు. కాలు నేలకు ఆనుతుందా, బరువు నిలుపుకోగలదా, బ్రేకు మీద చేయి కుదిరిందా అన్నవే అడగవలసిన ప్రశ్నలు, అవి అమ్మాయికైనా అబ్బాయికైనా ఒకటే.

మరి ఆ యోగ్యతను దేనితో కొలవాలి? మహాభారతంలో తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో ఒకటైన సౌప్తిక పర్వంలో దీనికి సరిపోయే కొలబద్ద ఉంది. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని అర్జునుడికి సంతోషంగా ఇచ్చాడు. అది చూసి ఓర్వలేక కొడుకు అశ్వత్థామ తనకూ కావాలని అడిగాడు. వాడి చపల స్వభావం తెలిసిన తండ్రి మనసు ఒప్పకపోయినా ఇచ్చి, ఎంత ఆపదలోనైనా మనుషుల మీద ప్రయోగించవద్దని హెచ్చరించాడు. యుద్ధం చివర, నిద్రపోతున్నవారిని చంపివచ్చిన అశ్వత్థామ తనను వెంటాడిన పాండవుల మీద ఆ అస్త్రాన్ని వదిలాడు. దానికి విరుగుడుగా అర్జునుడూ వదిలాడు. లోకం కాలిపోతుందని నారద వ్యాసులు నడుమ నిలబడి ఉపసంహరించుకొమ్మని కోరగా అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. వదలడంలో ఇద్దరి విద్యా సమానమే. వెనక్కి మళ్లించడం, అంటే ఉపసంహారం, నిగ్రహం అలవడినవాడికే సాధ్యమని ఇతిహాసం చెబుతుంది. మళ్లించలేని ఆ అస్త్రం చివరికి పడింది వదిలినవాడి మీద కాదు, పాండవ స్త్రీల గర్భాల మీద, ఉత్తర కడుపులోని పసికందు మీద.

మోటారు సైకిల్ విషయంలో యాక్సిలరేటర్ తిప్పడం ప్రయోగం, ఆపడం ఉపసంహారం. మొదటిది ఒక పూటలో వస్తుంది. రెండోది శరీరంలో ఇంకడానికి నెలలు పడుతుంది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది గనుక ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. కాని ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామనే భయంతో కొత్తవారు కాలి కింది వెనక బ్రేకునే బలంగా తొక్కుతారు, బరువు తగ్గిన వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు జారుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, 80లో 22 మీటర్లు. అపాయాన్ని చూసి చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపే ఈ దూరం గడిచిపోతుంది. ఆ పైన వేగం రెట్టింపైతే బండిలో ఉండే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది గనుక ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. భయం మీద చేయి పనిచేసే ఆ క్షణాన్ని మార్చగలిగేది పదే పదే చేసిన సాధన ఒక్కటే. యోగశాస్త్రంలో అభ్యాసమనే మాటకున్న అర్థం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ ప్రాంతపు దారులు ఆ విద్యను మరింత కఠినంగా పరీక్షిస్తాయి. బేతంచెర్ల నాపరాళ్లు, కడప బండలు మోసే లారీలు తిరిగే చోట్ల రోడ్డు మలుపుల్లో రాతి పొడి, గులక పేరుకుంటుంది. సుగ్గి కాలంలో రైతులు పంటను తారు రోడ్డు మీదే ఆరబోస్తారు, గొర్రెల మందలు ఉన్నట్టుండి అడ్డం వస్తాయి, వాన పడిన రోజు నల్లరేగడి పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్లు బంకమట్టిని రోడ్డు పొడవునా పరుస్తాయి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వచ్చే 40వ నంబరు జాతీయ రహదారి అక్కడి నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంది. అలాంటి ఘాట్లలో దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచి ఇంజిన్ పట్టుతోనే వేగాన్ని అదుపు చేయాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలి దింపేవాడు ఉపసంహార సాధనాల్లో ఒకదాన్ని చేజేతులా పారేసుకుంటున్నాడు.

కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను గుర్రాలుగా నిరూపించింది. పాత కాలపు రథంలో యోధుడు వేరు, సారథి వేరు. విరాట పర్వంలో ప్రగల్భాలు పలికి కౌరవ సేనను చూసి వణికిపోయిన ఉత్తర కుమారుణ్ణి కాపాడింది బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు పక్కనే ఉండటం. మోటారు సైకిల్ మీద ఆ రెండో మనిషి ఉండడు. వేగాన్ని కోరేవాడూ దాన్ని అదుపు చేయవలసినవాడూ ఒకడే కావడం వల్ల వాహనం ఎంపికలోనే సారథి పని కొంత జరిగిపోవాలి.

ఈ కొలబద్దతో చూస్తే సీసీల లెక్క ఒక్కటే చాలదని తెలుస్తుంది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ 98 సీసీలే, కాని ఆ టూ స్ట్రోక్ ఇంజిన్ సుమారు 11 అశ్వశక్తిని చటుక్కున ఇస్తుంది, ఆపడానికి ఉన్నవి మాత్రం డ్రమ్ బ్రేకులు. దాని తయారీ 1996లో ఆగిపోయినా పాత బండిని వెతికి కొనుక్కునే యువకులు నేటికీ ఉన్నారు. ప్రయోగం ఎక్కువ, ఉపసంహారం తక్కువ ఉన్న ఆ బండి కొత్తవాడికి తగదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 స్వభావానికి సాధువే, కాని 195 కిలోల ఆ బరువు ఇసుకలోనో, ఇరుకు సందులో మలుపు తిప్పేటప్పుడో ఒక పక్కకు వాలితే నేర్చుకునేవాడి కాళ్లు దాన్ని నిలపలేవు. 46 అశ్వశక్తి దాకా ఇచ్చే కేటీఎం 390 డ్యూక్ తేలికైనదే, బ్రేకులూ మంచివే, అయినా సుమారు 8 అశ్వశక్తి ఉండే హీరో స్ప్లెండర్ కంటే ఐదు రెట్లకు పైబడిన ఆ శక్తి మణికట్టు చిన్న పొరపాటును పెద్ద ప్రమాదంగా మార్చగలదు. దాదాపు 112 కిలోల బరువుండి, రెండు పాదాలూ నేలకు ఆనే స్ప్లెండర్ వంటి 100 సీసీ బండి గాని, హోండా షైన్ వంటి 125 సీసీ బండి గాని తప్పును క్షమిస్తుంది. తప్పు చేసి నేర్చుకునే అవకాశం ఇచ్చేదే తొలి గురువు. ఇందులో ఒక చిక్కు ఉంది. బిగబట్టి బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ తప్పనిసరి చేశారు గాని, 125 సీసీ, అంతకు లోపు బండ్లకు రెండు బ్రేకులు కలిసి పడే సీబీఎస్‌తో సరిపెట్టారు. 125 తరగతిలోనూ ఏబీఎస్ ఉన్న నమూనాలు కొన్ని దొరుకుతున్నందున, చేతిలో ఉన్న డబ్బును అదనపు శక్తికి కాక దానికి పెట్టడం మేలు.

చిన్న బండితో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్లే క్రమానికి సరిపోలే స్థూలారుంధతీ న్యాయమని ఒకటి వేదాంతులు చెబుతారు. కంటికి ఆనని చిన్న అరుంధతి నక్షత్రాన్ని చూపదలచినవారు ముందు దాని దగ్గరున్న పెద్ద నక్షత్రాన్ని చూపి, చూపు అక్కడ నిలిచాక అసలు దానికి మళ్లిస్తారు. తిరుమల కొండ ఎక్కబోయేవారు ముందుగా దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరుణ్ణి దర్శించుకునే ఆచారంలో ఉన్నదీ ఈ మెట్ల క్రమమే. యూరప్ దేశాల చట్టం దీన్ని లైసెన్సులోనే పెట్టింది. 16 ఏళ్లకు 125 సీసీ, 11 కిలోవాట్లకు మించని బండి, 18కి 35 కిలోవాట్ల దాకా, మరో రెండేళ్ల అనుభవం తరవాతే పెద్ద బండి. భారతదేశపు 1988 మోటారు వాహనాల చట్టం 18 ఏళ్లు నిండి గేరు బండి లైసెన్సు పొందినవాడికి 100 సీసీకీ 1000 సీసీకీ తేడా పెట్టలేదు. లెర్నర్ లైసెన్సు తీసుకున్న 30 రోజులకే పరీక్షకు వెళ్లవచ్చు. చట్టం కట్టని మెట్లను ఇల్లే కట్టుకోవాలి.

దీనికి అడ్డం వచ్చే మాట ఒకటి సీమలో తరచుగా వినిపిస్తుంది. రాసి పెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం అన్నది ఆ మాట. దైవం మీద భక్తి ఉన్నవారే దీన్ని ఎక్కువగా అంటారు గాని, వారి మత గ్రంథాలే దీన్ని ఈ రూపంలో ఒప్పుకోవు. యాజ్ఞవల్క్య స్మృతి దైవంతోపాటు పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, కూడా ఉంటేనే పని సిద్ధిస్తుందని రథ చక్రాల ఉపమానంతో స్పష్టం చేసింది. ఇస్లాంలో దైవం మీద సంపూర్ణ భరోసాను తవక్కుల్ అంటారు, ఒంటెను ముందు కట్టి ఆ తరవాత భరోసా ఉంచమన్న ప్రవక్త బోధ హదీసుల్లో ప్రసిద్ధం. కొత్త బండిని ఆంజనేయస్వామి గుడి ముందు నిలిపి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించినా, కడప పెద్ద దర్గాకు తీసుకువెళ్లి దువా చేయించినా, ఆ ఆచారంలో ఒక లోతైన ఒప్పుకోలు ఉంది: ఈ యంత్రపు శక్తి తనకంటే పెద్దదని నడిపేవాడు తల వంచి అంగీకరిస్తున్నాడు. ఆ అంగీకారం నిజమైనప్పుడు హెల్మెట్ పెట్టుకోవడం, తన స్థాయికి తగిన బండితో సరిపెట్టుకోవడం అదే పూజలో భాగమవుతాయి. గుడి మెట్లు దిగగానే తల మీద ఏమీ లేకుండా ముగ్గురు ఎక్కి పోతే పూజ చేసిన ఫలం ఏముంటుంది?

ఇక తండ్రి సంగతి. ద్రోణుడికి కొడుకు స్వభావం తెలుసు, తెలిసే ఇచ్చాడు, ఇచ్చాక ఒక హెచ్చరికతో తన బాధ్యత తీరిందనుకున్నాడు. పక్కింటి పిల్లవాడికి కొన్నారు గనుక తనకూ కావాలని పట్టుబట్టే కొడుకు ముందు, కట్నం కింద ఖరీదైన బండి కోరే అల్లుడి ముందు, పెద్దలు లొంగిపోయే తీరు ఇదే. జాగ్రత్తగా పో అనే మాట అధికారాన్ని ఇవ్వదు. 2019 సవరణతో చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ మైనరు బండి నడిపి నేరం జరిగితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా విధిస్తుంది, బండి రిజిస్ట్రేషన్‌ను ఏడాది పాటు రద్దు చేస్తుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వదు. కాబట్టి కర్నూలులోనైనా కడపలోనైనా బిడ్డకు తొలి బండి కొనబోయే తల్లిదండ్రులు షోరూముకు వెళ్లే ముందు బిడ్డను ఒక పాత 100 సీసీ బండితో ఖాళీ మైదానానికి తీసుకువెళ్లి, రెండు బ్రేకులూ కలిపి నిటారుగా ఆపడం నేర్పించాలి. అది చేతికి కుదిరాకే కొత్త బండికి అడ్వాన్సు కట్టాలి.