నడివయస్సున మనోయౌవనము

మనుష్యునకు యౌవనము రెండు విధములుగా నుండును. ఒకటి దేహమునకు చెందినది. రెండవది హృదయమునకు చెందినది. మొదటిది పిలువకయే వచ్చి, చెప్పకయే పోవును. దానిని గూర్చి మనము చేయగలిగినది కొంచెము. రెండవది యట్లు గాదు. పోషించినచో నిలుచును, ఉపేక్షించినచో ఇరువదియేండ్ల వానియందైనను ఎండిపోవును. నలువదియేండ్లు దాటిన గృహస్థుడు ఈ రెండవ యౌవనమును నిలుపుకొనుట ధర్మమా, లేక వయస్సునకు తగని చాపల్యమా? ఈ ప్రశ్నను మన మించుక విచారింతము.

ఈ విచారణకు హైదరాబాదు నగరపు తూర్పుదిక్కున నున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములు మిక్కిలి తగినవి. దిల్‌సుఖ్ అను మాటకు హృదయసుఖమని యర్థము. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము మొదలగు జిల్లాలనుండి యువజనులు ఉద్యోగపరీక్షల కొరకును కంప్యూటరు విద్య కొరకును ఇచ్చటి శిక్షణ కేంద్రములకు వచ్చి, హాస్టళ్లలో ఒక మంచమును ఒక పెట్టెను తమవిగా జేసికొని కాలము గడుపుచున్నారు. వారికి పాఠము చెప్పువారు, హాస్టళ్లు నడుపువారు, దుకాణదారులు, ఇండ్లు కట్టుకొని స్థిరపడిన యుద్యోగులు చాలవరకు నడివయస్సువారు. వీరిలో పలువురు ఒకనాడు ఇట్లే ఒక పెట్టెతో వచ్చినవారే. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రోరైలు నడువ మొదలిడిన నాటినుండి ఈ రెండు తరములవారును ప్రతిదినము ఒకే బోగీలో ఎదురెదురుగా గూర్చుండి ప్రయాణము చేయుచున్నారు. యౌవనమును ఇంత దగ్గరగా చూచుచుండువాని మనస్సున తన వయస్సును గూర్చిన యాలోచన పుట్టకుండుట యరిది. ఆ యాలోచన సాధారణముగా మనలను మూడు తప్పుదారులలోనికి ఈడ్చుచుండును.

మొదటి తప్పుదారి గొణుగుడు. "మా కాలమున ఇట్లుండెనా?" యనుట దీని పల్లవి. కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్లమార్కెట్టు ఉండిన దినములను, మామిడికాయల కాలమున అచ్చటి సందడిని ఎరిగినవారు, అది బాటసింగారమునకు తరలిన పిమ్మట ఆ చోటును చూచి నిట్టూర్చుట సహజమే. జ్ఞాపకము ముదిమి గాదు. కాని గతమును ప్రేమతో తలచుకొనుట వేరు. గతమును కొలబద్దగా జేసి నేటి ప్రతి వస్తువును ప్రతి మనుష్యుని తక్కువగా కొలుచుట వేరు.

రెండవది యనుకరణము. యువకులవలె దుస్తులు ధరించి, వారి మాటతీరును అరువు దెచ్చుకొని, తానును వారిలో నొకడనని చెప్పుకొనుట. తలకు రంగు వేసికొనుట పాపమని మేము చెప్పము. అది క్షౌరశాలకు సంబంధించిన విషయమేగాని నీతిశాస్త్రమునకు సంబంధించినది గాదు. అయితే ఆ రంగు వెండ్రుకలను దాటి లోనికి పోదను మాటను మరువరాదు.

మూడవదియే మిక్కిలి ప్రమాదకరమైనది. ఏలయనగా అది పైకి ప్రేమవలె కనబడును. భారతమునందలి యయాతి కథ మనకందరకు తెలిసినదే. శుక్రాచార్యుని శాపముచే అకాలవార్ధక్యము పొందిన యా రాజు, తన ముదిమిని గైకొని యౌవనమును తనకిమ్మని కుమారులను వరుసగా నడిగెను. యదువు మొదలగువారు నిరాకరింపగా కడగొట్టు కుమారుడగు పూరుడు సమ్మతించెను. వేయేండ్లు భోగించియు తృప్తి గానక, తుదకు యయాతి ఆ యౌవనమును కొడుకునకు మరల నిచ్చివేసెను. ఈ కథను మనము కోరికలకు అంతులేదను నీతికొరకే చదువుచున్నాము. అందు మరియొక నీతి గలదు. ఆ వేయేండ్లును ముదిమిని మోసినవాడు పూరుడు. తండ్రి యనుభవించిన ప్రతిదినమును కొడుకు బ్రదుకునుండి తీసికొన్నదే.

నేటి యయాతులకు శాపమక్కరలేదు. తాము కాలేకపోయిన వైద్యులను, ఇంజనీర్లను, అధికారులను తమ బిడ్డలయందు చూడగోరుటయే చాలును. బిడ్డ స్వయముగా కోరిన చదువునకై అప్పుచేసి పంపుట త్యాగము; దానికి మేము చేయెత్తి నమస్కరింతుము. కాని తాము ఓడిన పందెమును బిడ్డచేత మరల పరుగెత్తించుట త్యాగము గాదు. ప్రతిరాత్రియు ఫోనులో "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని యడుగుటయే గాని, "అన్నము తింటివా? ఎట్లున్నావు?" అని యడుగని తండ్రి తన ముదిమిని తెచ్చి బిడ్డ నెత్తిన పెట్టినవాడే. హాస్టలు మంచముపై నిదురపట్టక పొరలు ఆ బిడ్డయే నేటి పూరుడు.

అట్లయిన నిజమైన మనోయౌవనమేది? అది శిష్యత్వమని మా యభిప్రాయము. నడివయస్సున గురుత్వము నలువైపులనుండి వచ్చి మనపై బడును. ఇంట తండ్రి, కచేరీలో పైయధికారి, వీధిలో పెద్దమనిషి. మన మాట వినవలసినవారు దినదినము పెరుగుదురు. మనము వినదగినవారు ఒక్కొక్కరే తగ్గిపోవుదురు. హృదయపు ముదిమి యనగా ఇదియే. దీనిని తప్పించుకొనుటకు ఒక్కటియే యుపాయము: మనకంటె చిన్నవారియొద్దను నేర్చుకొనుటకు సిగ్గుపడకుండుట, మన పూర్వాభిప్రాయము చాలదని తోచినప్పుడు దానిని మార్చుకొనుట.

తెలుగుదేశమున దీనికి గొప్ప నిదర్శనము కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1848లో జన్మించిన ఆయన, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించునాటికి ముప్పదిమూడేండ్లవారు. ఆ ధైర్యము వయస్సు వేడిమి యని యెవరైన ననవచ్చును. కాని 1919 ఫిబ్రవరిలో జరిగినదానిని అట్లనుటకు వీలులేదు. తమ ప్రసిద్ధ గ్రంథములలో పెక్కింటిని గ్రాంథికభాషయందు రచించిన ఆ వృద్ధుడు, డెబ్బది యేండ్ల వయస్సున, తనకంటె పదునైదేండ్లు చిన్నవారగు గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారిక భాషావాదము పక్షమున నిలిచి, అందులకై రాజమహేంద్రవరమున నేర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. ఆ సంవత్సరము మే 27న ఆయన దివంగతులైరి. జీవితము మూడునెలలే మిగిలియున్నను, నూతనాభిప్రాయమునకు ఆయన హృదయమున చోటుండెను. ఆ గిడుగువారును అట్టివారే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండియు సవరలయొద్ద శిష్యులై వారి భాషను నేర్చిరి. ఆ భాషను గూర్చిన వారి గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడునాటికి వారు అరువదియేండ్లు ఎన్నడో దాటియుండిరి.

"ఇవి మహాపురుషుల మాటలు. ఇంటి యప్పు వాయిదాలు, తల్లిదండ్రుల రోగములు, పిల్లల ఫీజులు గల మాకు ఇట్టి యౌవన మెక్కడిది?" అని చదువరులు కొందరు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఇది మహాపురుషులకు మాత్రమే సాధ్యమైనది గాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఏబదియేండ్లు దాటిన 660 మందిని పరిశీలించి 2002లో ప్రకటించిన యొక పరిశోధనయందు, తమ వయస్సును గూర్చి మంచి భావము గలవారు తక్కినవారికంటె సగటున ఏడున్నర సంవత్సరములు అధికముగా జీవించినట్లు తేలినది. 2011లో ప్రకటింపబడిన వేరొక పరిశోధనయందు, ఒక సంవత్సరము క్రమముగా నడచిన వృద్ధులలో జ్ఞాపకశక్తికి ఆధారమైన మెదడుభాగము నూటికి రెండువంతులు పెరిగినది. ఇవి ఆయుస్సునకు హామీపత్రములు గావు. కాని నలువదితో ఎదుగుదల ముగిసినదను నిరాశకు ఆధారము లేదని తెలుపుచున్నవి.

కావుననే వనస్థలిపురము చెంత హరిణవనస్థలిలో ప్రొద్దుటిపూట నడచువారిని చూచి మేము సంతోషింతుము. అయినను వారిని ఒక్కమాట యడుగవలసియున్నది. భర్త జింకలను చూచుచు నడచి నూతనోత్సాహముతో తిరిగివచ్చుసరికి, భార్య వంటింట రెండుగంటలుగా నిలుచుండి టిఫిను సిద్ధము చేయుచున్నచో, ఆ యుత్సాహ మెవరి సొమ్ము? ఇదియు యయాతి బేరమే గదా! ఆమెకును నలువదియైదేండ్లే. ఆమెకును నేర్వని విద్యయొకటి, చదువని పుస్తకమొకటి యుండును. ఇంటిలో ఒకరి మనోయౌవనము మరియొకరి చాకిరిపై నిలుచుట ధర్మము గాదు. ఆ రెండుగంటలలో ఒకదానిని భర్త వంటింట గడిపినచో, ఆ యింట నిద్దరును యౌవనవంతులగుదురు.

కాబట్టి పరీక్ష సులభమైనది. మన యుత్సాహమువలన మనతో నున్నవారి భారము తగ్గుచున్నదా, పెరుగుచున్నదా? తగ్గుచున్నచో అది ధర్మము. పెరుగుచున్నచో అది యెంత మనోహరముగా నున్నను దొంగసొమ్మే.

సోదరులారా, సోదరీమణులారా, దీనికై గొప్ప దీక్షలు పూనవలదు. నేటి రాత్రి దూరమున నున్న బిడ్డతో మాటలాడునపుడు మార్కుల మాట యెత్తకుడు. "నీవు నేడు నేర్చినదానిలో నాకు కొంచెము చెప్పుము" అని యడుగుడు. ఆ బిడ్డ చెప్పుచుండగా నడుమ అడ్డుతగులక వినుడు.