ఐదు టన్నుల బంగారం: ఒక సంవాదం

యుద్ధ ప్రచారం పాఠం సాధారణంగా శత్రువు చెప్పిన అబద్ధాలతో మొదలవుతుంది. అవతలివాడి అబద్ధం ఎవరికైనా తేలిగ్గానే దొరుకుతుంది. మనవాళ్ల గురించి మనమే మురిసిపోతూ చెప్పుకునే కథ దగ్గర అసలు చిక్కు వస్తుంది. 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటు పరిధిలోని బోయిన్‌పల్లిలో సైనికుల పిల్లలూ, మార్కెట్ యార్డు వ్యాపారుల పిల్లలూ కలిసి కూర్చునే తరగతికి అలాంటి కథ ఊళ్లోనే ఉంది: 1965 యుద్ధమప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దేశానికి ఐదు టన్నుల బంగారం దానమిచ్చారని. దానిపై ఉపాధ్యాయురాలికీ పదో తరగతి విద్యార్థినికీ సంవాదం ఇలా నడవవచ్చు.

విద్యార్థిని: అది నిజమే కదా టీచర్? బంగారం ఉంచుకుని పెట్టెలు మాత్రం వెనక్కి పంపమన్నారని మా తాతయ్య కూడా చెప్పారు.

ఉపాధ్యాయురాలు: ఆ పెట్టెల ముచ్చటే నమ్మిస్తుంది. అంత చిన్న సంగతిని ఎవరు కల్పిస్తారులే అనుకుంటాం. నిజాం ఇచ్చింది 425 కిలోలు. అదీ గడువు తీరాక తిరిగొచ్చే రక్షణ బంగారు బాండ్లలో పెట్టుబడిగా. 1965 డిసెంబరులో హైదరాబాద్ వచ్చిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అభినందించింది ఆ పెట్టుబడినే. తర్వాత సమాచార హక్కు కింద అడిగితే, అలాంటి దానం వివరాలేవీ జాతీయ రక్షణ నిధి దగ్గర లేవని జవాబొచ్చింది.

విద్యార్థిని: మరి ఇంత ప్రచారం ఎవరు చేశారు?

ఉపాధ్యాయురాలు: ప్రచారానికి ప్రతిసారీ ఒక శాఖ అక్కర్లేదమ్మా. వారానికొక పూట భోజనం మానమని శాస్త్రి కోరితే ఎన్నో హోటళ్లు సోమవారం రాత్రి పొయ్యి వెలిగించలేదు. ఇళ్లలో నగలు తీసిచ్చినవాళ్లున్నారు. పస్తున్నవాడికి, అందరికన్నా ధనవంతుడు కూడా ఇచ్చాడని వినాలని ఉంటుంది. విన్నదాన్ని ఇంకాస్త పెంచి చెప్పాలనీ ఉంటుంది.

విద్యార్థిని: హిందువులూ ముస్లింలూ దేశం కోసం ఒక్కటయ్యారని చెప్పే కథ కదా. ఎందుకు చెడగొట్టడం?

ఉపాధ్యాయురాలు: రేపు ఇదే దారిలో ద్వేషం పెంచే కథ వస్తే ఏ మొహంతో ఆధారం అడుగుతావు? పైగా ఐదు టన్నులు అబద్ధమని తేలిన రోజున, ‘అసలేమీ ఇవ్వలేదట’ అనే ఇంకో అబద్ధం పుడుతుంది. అప్పుడు నష్టపోయేది ఆ 425 కిలోల నిజమే. విదేశీ మారకానికి కటకటగా ఉన్న ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేం కాదు.

విద్యార్థిని: అయితే యుద్ధకాలంలో ప్రభుత్వం ఏ కబురూ బయటికి రానివ్వకపోతేనే మేలేమో!

ఉపాధ్యాయురాలు: సెన్సారు ఉన్నంత మాత్రాన పుకారు ఆగదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పుడు పత్రికలపై సెన్సారు ఉంది. అయినా తీరమంతా భయం పాకింది. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకున్నారు, సర్కారు కార్యాలయాలే లోపలి ఊళ్లకు తరలాయి. నమ్మదగిన కబురు లేనప్పుడు చెవినపడ్డదే కబురవుతుంది.

విద్యార్థిని: మరి పరీక్షలో నిజాం బంగారం గురించి అడిగితే?

ఉపాధ్యాయురాలు: 425 కిలోలు, బాండ్లలో పెట్టుబడి, 1965 అని రాయి. పెట్టెల కథ కూడా రాయవచ్చు, జనం చెప్పుకునేదని పేర్కొని.