"దొరకలేదు" అన్న మాట

2024 మే 13న పోలింగ్ ముగిసింది గానీ పల్నాడులో గొడవలు ముగియలేదు. మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో దాడులు జరిగాయి. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టర్‌ని బదిలీ చేసింది. విచారణకు సిట్ వచ్చింది. ఆ తర్వాత వెతుకులాట. పోలీసులు ఊళ్ళకి ఊళ్ళు చుట్టుముట్టి ఇల్లిల్లూ గాలించారు. బంకుల్లో సీసాల్లో పెట్రోల్ పోయడం ఆపించారు. కొన్నిచోట్ల పెట్రోల్ బాంబులు, నాటు బాంబులు దొరికాయి కూడా.

కాబట్టి వెతకడమే తప్పు అనలేం. గడ్డివాములో దాచిన బాంబుకి పార్టీ తెలీదు, అక్కడ ఆడుకునే పిల్లలు ఎవరి పిల్లలో తెలీదు. నా ప్రశ్న వేరే. ఒక ఇల్లంతా వెతికాక ఏమీ దొరకలేదనుకోండి. ఆ "దొరకలేదు"కి ఎంత విలువ ఇస్తాం?

ఊళ్ళో జవాబులు ముందే సిద్ధంగా ఉంటాయి. అవతలి ఇంట్లో దొరికితే "మేం చెప్పలా?" దొరక్కపోతే "ముందే కబురందింది, మార్చేశారు." మన ఇంట్లో దొరికితే "వాళ్ళే తెచ్చి పెట్టారు." దొరక్కపోతే "కావాలని వేధించారు." ఈ నాలుగు మాటల్లో ఒక్కటి అనడానికైనా అసలు వెతకక్కర్లేదు.

అదే నేల మీద, కారంపూడిలో, 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ వీరుల ఆయుధాలకి ఏటా కార్తీకంలో పూజ చేస్తారు. అక్కడ ఆయుధం దాచేది కాదు, ఫలానా వీరుడిదని చెప్పుకునేది. నాటు బాంబు అలా కాదు. దానికి చేసినవాడి పేరుండదు, దాచినవాడు నాది కాదంటాడు. ఇలాంటి వస్తువు ఒకరి దగ్గర లేదని తేల్చడం, ఉందని తేల్చడం కంటే కష్టం.

ఈ కష్టాన్ని ప్రపంచం పెద్ద ఎత్తున చూసింది. 2002 డిసెంబరులో ఇరాక్ తన దగ్గర నిషేధిత ఆయుధాలు లేవంటూ దాదాపు 12,000 పేజీలు సమర్పించింది. హాన్స్ బ్లిక్స్ నాయకత్వంలో ఐక్యరాజ్యసమితి తనిఖీదారులు వెతికారు, నిల్వలు కనపడలేదు, ఇంకొన్ని నెలలు కావాలన్నారు. ఆ గడువు దొరకలేదు. 2003 మార్చిలో యుద్ధం మొదలైంది. ఆ తర్వాత అమెరికా పంపిన బృందమే వెతికి, కొన్ని పాత రసాయన గుండ్లు తప్ప నిల్వలు లేవని 2004లో తేల్చింది. సద్దాం మీద అనుమానం ఊరికే పుట్టలేదు, అంతకుముందు చాలా దాచాడు, అబద్ధాలాడాడు. కానీ 1991లో ఇరాక్ చాలా ఆయుధాల్ని రహస్యంగా, సరైన లెక్కలు లేకుండా నాశనం చేసింది. పన్నెండేళ్ళ తర్వాత రుజువు చూపమంటే చూపడానికేముంది?

ఇప్పుడు పల్నాడులో ఒక మనిషిని ఊహించండి. భయపడో, ఇంట్లోవాళ్ళ పోరు పడలేకో, దాచినవన్నీ ఒక రాత్రి తీసుకెళ్ళి పారేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేడు. చెబితే నిన్నటిదాకా ఉన్నాయని ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే ఇంకా ఉన్నాయనే అంటారు. మరి పారేసి ఏం బావుకున్నట్టు? "ఎలాగూ ఉన్నాయంటారు, ఉంచుకుంటేనే నయం" అని పక్కింటివాడు అనుకుంటే మనం ఏం చెప్పగలం? "లేదు" అన్న మాటని నమ్మే దారి లేనిచోట, ఆయుధం వదిలేయడానికి కారణమూ ఉండదు. ఈ వెతుకులాటలో అసలు నష్టం ఇదేనని నాకనిపిస్తుంది.

దొరికితే చట్టం కఠినంగానే ఉంది. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, అనుమానించదగ్గ పరిస్థితుల్లో అలాంటిది దగ్గరుంటే, సక్రమమైన పనికే ఉంచుకున్నానని చూపాల్సింది ఆ మనిషే. అందుకే ఎలా దొరికిందన్నది అంత ముఖ్యం. సోదాకి ఇద్దరు నిష్పాక్షికులైన స్థానికులు సాక్షులుగా ఉండాలంటుంది చట్టం. రెండుగా చీలిన ఊళ్ళో ఆ ఇద్దర్నీ ఎక్కణ్ణించి తెస్తారు? పక్క ప్రాంతం వాళ్ళని పిలవొచ్చని కూడా చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం సోదాల్ని వీడియో తీయమంటోంది. మంచిదే. కాకపోతే దొరికిన ఇంటి వీడియోనే అందరి ఫోన్లలో తిరుగుతుంది. ఏమీ దొరకని ఇంటి తలుపులు పగలడం, పెట్టెలు బోర్లించడం మాత్రం ఊరంతా చూస్తుంది.

నేను అడిగేది చిన్న విషయం. దొరికినప్పుడు పంచనామా ఎంత శ్రద్ధగా రాస్తారో, దొరకనప్పుడూ అంతే శ్రద్ధగా రాయాలి. ఫలానా రోజు ఈ ఇంట్లో ఇక్కడిక్కడ చూశాం, ఏమీ లేదు అని రాసి, సంతకాలు పెట్టి, ఒక కాపీ ఆ ఇంటివాళ్ళ చేతికివ్వాలి. పంచాయతీ ఆఫీసు దగ్గర చదివి వినిపించాలి. రేపటికి అది హామీ కాదు. ఊళ్ళో కొందరు అప్పుడూ నమ్మరు. అయినా ఆ మనిషికి నలుగురిలో చూపించుకోడానికి ఒక కాగితం ఉంటుంది, పక్కింటివాడికి తనూ పారేయొచ్చన్న ఆలోచన వస్తుంది.