జటాయువుకు బంధువు ఎవరు?

ఓయూ ఆర్ట్స్ కాలేజీ దగ్గర వాకింగ్‌లో ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "అన్నా, శరీరం పాత బట్ట లాంటిదని గీత చెప్తుంది కదా, మరి శవానికి ఇంత మర్యాద ఎందుకు?"

గీత ఆ మాట చెప్పింది మన దుఃఖం తగ్గడానికి. ఆత్మ సంగతి రాముడికి తెలియదా? అయినా జటాయువుకి తన చేతులతో దహనం చేసి, గోదావరిలో జలతర్పణం విడిచాడు. రక్తసంబంధం ఉందా అని చూడలేదు.

మన చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే గౌరవం మరణించాక దేహానికీ ఉంటుందని 1995లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు చనిపోతే, వాళ్ల మతాచారం ప్రకారం అంత్యక్రియలు జరగాలని 2002లో ఇంకో కేసులో గుర్తించింది. కావాలని మృతదేహాన్ని అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు.

రేపు తార్నాక ఫుట్‌పాత్ మీద ఎవరైనా కదలకుండా పడి ఉంటే వీడియో తీయకండి. 112కి కాల్ చేసి, పోలీసులు వచ్చేదాకా పక్కన నిలబడండి. ఆ కాసేపు ఆ మనిషికి బంధువు మీరే.

జై శ్రీరామ్!